కొత్త యాంటీబాడీకి ఎలుక మేలా, ఫేజ్ మేలా?

1986లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి మోనోక్లోనల్ మందు (అంటే ఒకే రకం యాంటీబాడీ ఉన్నది) ఓకేటీ3 అచ్చంగా ఎలుక యాంటీబాడీ. చాలామంది రోగుల ఒంట్లో దానికే ఎదురు యాంటీబాడీలు పుట్టాయి. అందుకే ఇప్పుడు మందు కోసమైతే మనిషి యాంటీబాడీనే వెతుకుతారు. మనిషి యాంటీబాడీ జన్యువులు పెట్టిన ఎలుకకు టార్గెట్ ప్రోటీన్‌ను, అంటే యాంటీబాడీ పట్టుకోవాల్సిన ప్రోటీన్‌ను ఇంజెక్ట్ చేసి, దాని ఒంట్లో పుట్టే యాంటీబాడీలను తీసుకోవడం ఒక దారి. ఫేజ్ అంటే బ్యాక్టీరియాకు సోకే వైరస్; దాని ఒంటిమీద యాంటీబాడీ ముక్కలు మొలిపించి టార్గెట్‌ను పట్టుకునేవాటిని ఏరే ఫేజ్ డిస్‌ప్లే ఇంకో దారి.

ఫేజ్‌తో పగ్గాలు మన చేతిలోనే ఉంటాయి. ప్లేటు అడుగున టార్గెట్ ప్రోటీన్ అంటించి, వందల కోట్ల రకాల యాంటీబాడీ ముక్కలున్న ఫేజ్ లైబ్రరీ పోస్తారు. కడిగేశాక మిగిలినవాటిని ఈ.కోలై బ్యాక్టీరియాలో పెంచి మళ్లీ పోస్తారు. ఇలా మూడు నాలుగు రౌండ్లు, అంతా కొన్ని వారాల పని. దగ్గరి పోలికలున్న ఇంకో ప్రోటీన్‌కు అంటుకోకూడదంటే దాన్ని కూడా దండిగా కలిపేస్తే సరి, దానికి అంటుకునేవన్నీ ఆ నీళ్లతోనే కొట్టుకుపోతాయి. ఎలుకకు ఇలాంటి షరతులు పెట్టలేం. టార్గెట్ విషమైతే ఎలుకే చస్తుంది, ఎలుక సొంత ప్రోటీన్‌లా ఉంటే దాని ఒళ్లు పట్టించుకోదు.

చిక్కల్లా తర్వాతే. టార్గెట్‌ను వదిలేసి ప్లాస్టిక్‌ను పట్టుకునే రకాలు కూడా రౌండ్లు దాటేస్తాయి. యాంటీబాడీలో హెవీ, లైట్ అని రెండు రకాల ప్రోటీన్ గొలుసులు (చైన్లు) జతగా ఉంటాయి; లైబ్రరీలో ఈ జతలు ఎలా పడితే అలా కుదిరినవి. ముక్కగా బాగున్నది, మందుల తయారీకి వాడే సీహెచ్‌వో కణాల్లో (చిట్టెలుక జాతి హ్యామ్‌స్టర్ కణాలు) పూర్తి యాంటీబాడీగా తయారుచేస్తే ఒకదానికొకటి అంటుకుని గుంపు కట్టొచ్చు. ఎలుక ఒంట్లో యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు ఈ వడపోత చాలావరకు ముందే చేసేస్తాయి, టార్గెట్‌మీద యాంటీబాడీ పట్టు కూడా అక్కడే పెరుగుతుంది.

మందుల లెక్క చూస్తే ఎలుకదే పైచేయి: 2006లో పానిటుముమాబ్, తర్వాత ఇపిలిముమాబ్, నివోలుమాబ్. ఫేజ్ వైపు పెద్ద పేరు 2002లో వచ్చిన అడాలిముమాబ్. తమాషా ఏమిటంటే అది కూడా ఒక ఎలుక యాంటీబాడీని దారిచూపుగా పెట్టుకుని, చైన్లు మార్చుకుంటూ తయారుచేసిందే!

మందే లక్ష్యమై, టార్గెట్ మామూలుదై, ఆ ప్రత్యేక ఎలుకను వాడుకునే లైసెన్సుకు డబ్బుంటే నా ఓటు ఎలుకకే. టార్గెట్ మొండిదైతే ఫేజ్.

ల్యాబ్ వాడకానికైతే ఈ పోటీ అంత ముఖ్యం కాదు. 2018లో 185 హైబ్రిడోమాలను (బి కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపి చేసిన, యాంటీబాడీ తయారుచేసే కణాలు) పరీక్షిస్తే దాదాపు మూడో వంతులో అదనపు చైన్లు బయటపడ్డాయి, అంటే మోనోక్లోనల్ అన్న పేరే గాని సీసాలో ఉన్నది ఒకటే యాంటీబాడీ కాదు. కాబట్టి కొనేముందు సీక్వెన్స్ తెలిసిన రీకాంబినెంటేనా, అంటే తెలిసిన జన్యువును కణాల్లో పెట్టి తయారుచేసిందేనా అని అడగండి.