పిల్లలతో మట్టాంచేరి జ్యూ టౌన్: ఏ రోజు వెళ్లాలి, ఎవరితో తిరగాలి

కొచ్చి వెళ్లేవాళ్లు హోటల్ కంటే ముందు వారం చూసుకోవాలి. అక్కడి మట్టాంచేరిలో ఒకప్పుడు యూదులుండే వీధి జ్యూ టౌన్. ఆ వీధిలోని పరదేశి సినగాగు, అంటే యూదుల ప్రార్థనా మందిరం, శనివారం తెరవరు. శుక్రవారం మధ్యాహ్నం నుంచే మూసేస్తారు. దాని దగ్గర్లోనే ఉన్న డచ్ ప్యాలెస్‌కేమో శుక్రవారం సెలవు. వీకెండ్ కదా అని శుక్రవారం శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే, శనివారం దిగాక బయటి గోడే దర్శనం. ఆదివారం నుంచి గురువారం లోపు పెట్టుకుంటే రెండూ ఒకే నడకలో అయిపోతాయి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా సినగాగు మూసి ఉంచుతారు కాబట్టి పొద్దున పదింటికల్లా అక్కడుండడం మంచిది. షార్ట్స్, స్లీవ్‌లెస్ వేసుకుంటే లోపలికి పంపరు. పిల్లల బట్టలు సర్దేటప్పుడే ఇది గుర్తుంచుకోండి.

ఫోర్ట్ కొచ్చిలో అడుగడుక్కీ ఆటోవాళ్లు చాలా తక్కువకే ఊరంతా చూపిస్తామంటారు. ఆ రేటు వాళ్లకెలా గిట్టుతుందో రెండో హ్యాండీక్రాఫ్ట్స్ షాపు ముందు ఆటో ఆగేసరికి మనకే తెలిసిపోతుంది. మేం హోమ్‌స్టే ఆవిడ చెప్పిన లోకల్ గైడుతో నడిచాం. ఆటో టూరు కంటే ఖర్చు బాగా ఎక్కువే. తెలుగు రాదు, ఇంగ్లిష్, హిందీ మాత్రమే, అందుకని మా చిన్నదానికి సగం కథ నేనే చెప్పాల్సి వచ్చింది. అయినా మళ్లీ వెళ్తే ఆ గైడునే పిలుస్తాను. పిల్లలు విసుక్కోకముందే మాటలు ఆపేసే గైడు దొరకడం అదృష్టం.

సినగాగు పక్కనున్న గడియార స్తంభం దగ్గర గైడు తేదీల జోలికి పోకుండా, ఏ వైపు ఏ అంకెలున్నాయో చూడమంది. రాజుగారి ప్యాలెస్ (అదే డచ్ ప్యాలెస్) వైపు మలయాళం అంకెలు, సినగాగు వైపు హీబ్రూ, వీధి వైపు రోమన్. ఎవరికి టైమ్ ఎవరి భాషలో చెప్పాలో ఆలోచించి కట్టారన్నమాట. మా వాడు దాని చుట్టూ తిరిగి తిరిగి మెడ పట్టేసిందన్నాడు.

సినగాగు 1568 నాటిది. లోపల చెప్పులు విప్పి నడవాలి, ఆ నేలంతా చైనా నుంచి తెప్పించిన నీలం-తెలుపు పలకలే. 1762లో పరిచారు, అన్నిటిమీదా చేత్తో వేసిన బొమ్మలే. ఏ రెండూ ఒకేలా ఉండవని చెబుతారు. గైడు పిల్లలతో పందెం కట్టింది, ఒకేలా ఉన్న జత చూపిస్తే ఐస్‌క్రీమ్ అని. పెద్దవాళ్లం బెల్జియం గాజు దీపాలు తీరిగ్గా చూడగలిగాం.

రాగి శాసనాల కథ కూడా పిల్లలకు నచ్చింది. సుమారు వెయ్యేళ్ల క్రితం చేర రాజు భాస్కర రవివర్మ జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకు పల్లకి, గొడుగు, బాకా వాడుకునే హక్కులిచ్చాడు. గొడుక్కి కూడా రాజు పర్మిషనా అని మా అమ్మాయి నవ్వింది. తర్వాత చెప్పింది మాత్రం నవ్వొచ్చేది కాదు. విదేశాల నుంచి వచ్చిన యూదు కుటుంబాల వాళ్లు తమ దగ్గరి బానిసల సంతతిని ఇదే మందిరంలో బెంచీల మీద కూర్చోనిచ్చేవాళ్లు కాదు. ఆ బానిసల సంతతిలోంచే వచ్చిన ఎ.బి. సేలం అనే లాయరు గాంధీ దారిలో సత్యాగ్రహం చేశాడు, ఆ తేడా మెల్లగా తగ్గింది. 'యూదుల గాంధీ' అని పేరొచ్చింది ఆయనకే. మన ఊళ్ల గుళ్ల సంగతులు విన్న పిల్లలకు ఇదేమీ వేరే లోకం కథలా అనిపించలేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలోనూ తాము యూదులమని చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయని, వాళ్లకూ ఓ సినగాగు ఉందని నేను చెబితే గైడే ఆశ్చర్యపోయింది.

వీధి చివర కడవుంభాగం సినగాగు ఉంది. 2019 వానల్లో ముందు భాగం కూలింది. లోపలి చెక్క పని అంతకుముందే జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియానికి వెళ్లిపోయింది. మనుషులూ అంతే, 1950లలో చాలామంది ఇజ్రాయెల్‌కి తరలిపోయారు. ఎవరైనా తరిమారా అని మా వాడడిగాడు. లేదు, ఇష్టపడే వెళ్లారంది గైడు. ఎంబ్రాయిడరీ షాపు నడిపిన సారా కోహెన్ 2019లో 96 ఏళ్ల వయసులో పోయారు. ఇప్పుడు వీధి నిండా కశ్మీరీ శాలువాలు, పాత సామాన్ల షాపులే. వాటికి టైమ్ దండగ. మిరియాలు, అల్లం వాసనొచ్చే గోడౌన్ల వైపు తిరగడం మేలు.

బస విషయానికొస్తే, ఎర్నాకుళంలో మొదట దిగిన హోటల్లో గది పెద్దదే, కానీ రోడ్డు మోతకి పిల్లలు నిద్రపోలేదు. ఫోర్ట్ కొచ్చి హోమ్‌స్టేలో గది ఇరుకైనా పొద్దున్నే అప్పం, స్ట్యూ ఉండేవి, మట్టాంచేరికి ఆటో కూడా దగ్గర. మధ్యాహ్నం కాయీస్‌లో బిర్యానీ తిన్నాం. సన్నబియ్యం, తక్కువ మసాలా. హైదరాబాద్ ఘాటు కోరుకునేవాళ్లకు చప్పగా ఉంటుంది గానీ పిల్లలు ఖాళీ చేసేశారు.

టైముంటే ఎర్నాకుళంలోని కడవుంభాగం సినగాగుకూ వెళ్లండి. పేరు అదే, మందిరం వేరు. ముందు అక్వేరియం చేపలు, మొక్కలు అమ్మే షాపు, దాని వెనక మందిరం. మా పిల్లల లెక్కలో ఆ రోజు ఫస్ట్ ప్రైజు దీనికే. కొచ్చికి ఉత్తరాన ఉన్న పరవూరు సినగాగు మ్యూజియం ఇంకా విశాలంగా, రద్దీ లేకుండా ఉంటుంది, కానీ రానూపోనూ సగం రోజు తినేస్తుంది. ఐదేళ్ల లోపు పిల్లలుంటే దాన్ని వదిలేసి వాటర్ మెట్రో పడవ ఎక్కించండి.