పోర్టో నుంచి శాంటియాగో: తీరం దారిలో మొదటిసారి నడిచేవాళ్ళకు

పోర్చుగల్‌లోని పోర్టో నుంచి స్పెయిన్‌లోని శాంటియాగో దాకా సముద్రం పక్కన సాగే కామినో (సెయింట్ జేమ్స్ సమాధి ఉందని నమ్మే కేథడ్రల్‌కి నడిచి వెళ్ళే క్రైస్తవ యాత్ర దారి) గురించి చెప్పగానే అందరూ అడిగేది కొండలు ఉంటాయా అనే. పెద్దగా ఉండవు. సుమారు 280 కి.మీ. దారిలో ఆయాసం వచ్చేంత ఎక్కుడు కొన్ని చోట్లే తగులుతుంది, అలిపిరి మెట్లు ఎక్కినవాళ్ళకి అది లెక్కలోకి కూడా రాదు. అసలు ఇబ్బంది కాళ్ళ కింద ఉంటుంది. పోర్చుగల్ ఊళ్ళలో పరిచిన రాళ్ళు, ఊరు దాటితే తారు, బీచ్ పక్కన చెక్క పలకల దారి, మెత్తటి మట్టి దొరికేది తక్కువ. చదునుగానే ఉంది కదా అని మొదటి రోజే 30 కి.మీ. పెట్టుకున్నవాళ్ళు రెండు మూడు రోజుల్లోనే బొబ్బలతో మందుల షాపు వెతుక్కుంటారు. మొదట్లో రోజుకి 20 దాటకండి. బరువైన ట్రెకింగ్ బూట్లు ఈ దారికి అక్కర్లేదు, అడుగు మందంగా ఉన్న రన్నింగ్ షూస్ మీ సైజు కంటే అర సైజు పెద్దవి తీసుకుని, ఇంటి దగ్గరే బాగా నడిచి అలవాటు చేసుకోండి.

పోర్టోలో కేథడ్రల్ దగ్గర క్రెడెన్షియల్ తీసుకోవాలి, అంటే స్టాంపులు వేయించుకునే మడత పుస్తకం. ఇది లేకపోతే యాత్రికుల సత్రాల్లో పడక ఇవ్వరు. బాణం గుర్తుల గురించి ఒక మాట: పసుపు బాణాలు శాంటియాగోకి, నీలం బాణాలు పోర్చుగల్‌లోనే ఉన్న ఫాతిమా అనే పుణ్యక్షేత్రానికి. రెండూ ఒకే స్తంభం మీద ఎదురెదురు దిక్కులు చూపిస్తూ ఉంటాయి, కంగారు పడకండి.

పోర్టో నుంచి బయటపడే భాగం మీద నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. నది పక్కన నడిచి సముద్రం దాకా వెళ్ళడం బాగుంటుంది, కానీ ఆ తర్వాత మాటోజిన్యోష్ వైపు అంతా నగరమే. మెట్రో ఎక్కి మాటోజిన్యోష్‌లో దిగి అక్కడ మొదలుపెడితే తప్పేమీ లేదు. కంపోస్టెలా అనే ధ్రువపత్రానికి కావలసింది శాంటియాగోకి ముందు చివరి 100 కి.మీ. కాలినడకన పూర్తి చేయడం, ఆ భాగంలో రోజుకి రెండు స్టాంపులు ఉండడం. "అడుగడుగూ నడవకపోతే యాత్రే కాదు" అనేవాళ్ళు దారిలో చాలామంది తగులుతారు, వాళ్ళతో వాదన పెట్టుకోవద్దు.

మాటోజిన్యోష్ నుంచి విలా దో కోండే దాకా ఇసుక దిబ్బల మీదుగా చెక్క దారి. పొద్దున్నే అయితే అద్భుతం, మధ్యాహ్నానికి ఎండా గాలీ రెండూ మొహం మీదే. వేసవిలో ఈ తీరంలో ఉత్తరం నుంచి బలంగా గాలి వీస్తుంది, దాన్ని అక్కడ నోర్టాడా అంటారు. మనం నడిచేది ఉత్తరానికే. చల్లగాలిలో ఎండ తెలియదు కాబట్టి మెడ, చెవులు మాడిపోయాక తెలుస్తుంది. టోపీకి గడ్డం కింద కట్టుకునే తాడు ఉండాలి, లేకపోతే అది మీకంటే ముందే లిస్బన్ చేరుతుంది.

ఊళ్ళలో నా ఓటు వియానా దో కాస్టెలోకి. 1878లో ఈఫిల్ సంస్థ కట్టిన ఇనుప వంతెన మీదుగా లిమా నది దాటి ఊళ్ళోకి వస్తారు, కొండ మీద శాంటా లూజియా చర్చికి ఫ్యూనిక్యులర్, అంటే కొండ ఎక్కించే చిన్న రైలు ఉంది, సాయంత్రం కూర్చోవడానికి చక్కటి కూడలి ఉంది. ఒక రోజు ఆగాలనుకుంటే ఇక్కడ ఆగండి. పోవోవా దే వర్జింలో మాత్రం నాకు ఆగాలనిపించలేదు, వరసగా ఎత్తయిన అపార్ట్‌మెంట్లు, సీజన్‌లో బీచ్ జనం. దానికి కాస్త ముందే ఉన్న విలా దో కోండేలో రాత్రి ఉండి, పోవోవాని పొద్దున్నే దాటేయడం మేలు.

కమిన్యా దగ్గర మిన్యో నది దాటి స్పెయిన్‌లో అడుగుపెట్టాలి. చిన్న మోటారు పడవలు కొన్ని యూరోలకి దాటిస్తాయి. పోటు, ఆటు, గాలి చూసుకునే తిరుగుతాయి కాబట్టి ముందు రోజే ఫోన్ చేసి టైం కనుక్కోండి. అవతలి ఒడ్డున గడియారం గంట ముందుంటుంది, మధ్యాహ్నం 1కి పడవ ఎక్కితే దిగేసరికి 2 దాటిపోతుంది. సత్రంలో పడకల లెక్క దీంతోనే తారుమారవుతుంది. పడవలు అసలు తిరగకపోతే నది వెంటే వలెన్సా దాకా నడిచి, వంతెన దాటి తూయిలో లోపలి దారిని, అంటే పోర్టో నుంచి సముద్రానికి దూరంగా వచ్చే ఇంకో కామినోని కలుసుకోవచ్చు, కాకపోతే అప్పుడు స్పెయిన్ తీరం మొత్తం పోతుంది. అది పోగొట్టుకోవద్దనే చెప్తాను, ఎందుకంటే "ఆ గ్వార్డా" అనే ఊరి నుంచి బయోనా దాకా ఉన్న రాతి తీరమే ఈ దారి మొత్తానికి ప్రాణం. ఓయాలో సముద్రానికి ఎదురుగా సిస్టర్షియన్ అనే క్రైస్తవ సన్యాసుల పాత మఠం ఉంది. రోడ్డు పక్కన నడక ఎక్కువే, అయినా కళ్ళు అటు పోవు. ఓయా, మౌగాస్ మధ్య పడకలు తక్కువ, ఈ ఒక్క రాత్రికి మాత్రం ముందే బుక్ చేసుకోండి. బయోనా అందమైన ఊరు, ధరలూ అంతే అందంగా ఉంటాయి. 1493 మార్చి 1న కొలంబస్ ఓడల్లో ఒకటైన పింటా అమెరికా కబురుతో వచ్చి ఆగింది ఈ రేవులోనే.

వీగో పెద్ద నగరం, లోపలికి రావడానికే పూట పడుతుంది. బయటికి వెళ్ళే సెందా దా ఆవ్గా అనే కాలిబాట మాత్రం చాలా బాగుంది, కొండ అంచున చెట్ల నీడలో, కింద ఉప్పుటేరూ రాందే వంతెనా కనిపిస్తూ. సెలవు తక్కువున్నవాళ్ళు వీగో నుంచే మొదలుపెడతారు, 100 కి.మీ. షరతు సరిపోతుంది.

రెదొందెలాలో లోపలి దారి వచ్చి కలుస్తుంది, అక్కడి నుంచి జనం ఒక్కసారిగా పెరుగుతారు. నిద్ర సంగతి ఇక్కడ గట్టిగా ఆలోచించాలి. గలీసియా (స్పెయిన్‌లో ఈ దారి సాగే ప్రాంతం) ప్రభుత్వ సత్రాలు, అంటే ఆల్బెర్గేలు, మనిషికి సుమారు 10 యూరోలు. బుకింగ్ లేదు, ముందు వచ్చినవాళ్ళకి ముందు, ఒక్క రాత్రే, మధ్యాహ్నం 1కి తెరుస్తారు. శుభ్రంగా ఉంటాయి, వాడి పారేసే దుప్పటి కవరు ఇస్తారు. కిచెన్ ఉంటుంది, గిన్నెలు చాలాచోట్ల ఉండవు. ప్రైవేటువి సీజన్‌ని బట్టి 15 నుంచి 25 దాకా, బుక్ చేసుకోవచ్చు, మంచానికి తెర, ప్లగ్ పాయింట్ ఉంటాయి. ఒక ప్రైవేటు చోట ఫోటోల్లో కిచెన్ చూసి బుక్ చేస్తే, వెళ్ళాక దానికి తాళం వేసుంది, అడిగితే వేసవిలో ఇంతే అన్నారు. కిచెన్ కోసమే డబ్బు పెడుతుంటే ముందు మెసేజ్ పెట్టి కనుక్కోండి. నా పద్ధతి ఏంటంటే రెండు మూడు రాత్రులు సత్రం, తర్వాత ఒక రాత్రి చిన్న లాడ్జిలో గది. గురకల మధ్య వరసగా నిద్ర లేకపోతే కాళ్ళు బాగున్నా మనసు ఒప్పుకోదు. చెవుల్లో పెట్టుకునే ప్లగ్స్ తప్పనిసరి. నల్లుల కోసం పరుపు మూలలు ఎత్తి చూడటానికి మొహమాటపడకండి.

బ్యాగు మోయించే సర్వీసు గురించి సిగ్గు వద్దు. స్పెయిన్ భాగంలో తపాలా సంస్థ కొర్రెయోస్ సహా చాలామంది తర్వాతి మకాంకి కొన్ని యూరోలకి చేరుస్తారు. ప్రభుత్వ సత్రాల్లో మాత్రం బ్యాగులు దించుకోరు, ప్రైవేటు చోటు అడ్రసే ఇవ్వాలి. మీరే మోస్తే 6, 7 కిలోలు దాటనివ్వకండి.

శాకాహారులకి ముందే చెప్తున్నా, కష్టమే. పోర్చుగల్‌లో ఆకుకూర సూప్ కాల్దో వెర్దే అని ఆశగా తెప్పించుకుంటే అందులో సాసేజ్ ముక్క తేలుతుంది. స్పెయిన్‌లో "మాంసం లేకుండా" అంటే సలాడ్ మీద ట్యూనా వేసి తెస్తారు, చేప మాంసం కాదని వాళ్ళ లెక్క. గుడ్డు తినేవాళ్ళకి బంగాళదుంప టోర్టియా, అంటే మందపాటి ఆమ్లెట్, ఎక్కడైనా దొరుకుతుంది, తిననివాళ్ళు పద్రోన్ మిరపకాయలు, బ్రెడ్, చీజ్, పళ్ళతో నెట్టుకురావాలి. పోర్చుగల్ హోటల్లో అడక్కుండా పెట్టే బ్రెడ్, ఆలివ్‌లు ఫ్రీ కాదు, వద్దనుకుంటే ముట్టుకోకుండా పక్కకి జరపండి. స్పెయిన్‌లో రాత్రి భోజనం 8:30కి ముందు దొరకడం కష్టం, ఆదివారం సూపర్‌మార్కెట్లు ఎక్కువగా మూసే ఉంటాయి. శనివారమే సరుకులు కొనుక్కోండి.

పొంతెవెద్రాకి ముందు రోడ్డు వదిలి వాగు పక్కనుంచి వెళ్ళే దారికి బోర్డు ఉంటుంది, కొంచెం దూరమైనా అటే వెళ్ళండి. ఊరు దాటాక ఇంకో చీలిక వస్తుంది. ఎడమకి వెళ్తే స్పిరిచువల్ వేరియంట్: కొంబర్రో, అక్కడి నుంచి ఆర్మెంతేరా మఠానికి గట్టి ఎక్కుడు, తర్వాత పాత నీటి మిల్లుల పక్కగా వాగు వెంట దిగుడు, చివర్లో విలనోవా దే అరోసా నుంచి పొంతెసెసూరెస్‌కి పడవ. సెయింట్ జేమ్స్ భౌతికకాయాన్ని ఆ నీటి దారిలోనే తెచ్చారని నమ్మకం. రోజు చేతిలో ఉంటే ఇదే నా సిఫారసు. పడవ టైములు పోటుని బట్టి మారతాయి, ముందుగా టికెట్ తీసుకోవాలి. నేరుగా వెళ్ళేవాళ్ళకి కాల్దాస్ దే రెయిస్‌లో వేడినీటి ఊటలో కాళ్ళు పెట్టుకునే సుఖం ఉంది, అదీ తక్కువేం కాదు.

మనవాళ్ళకి వీసా సంగతి: రెండు దేశాలూ షెంగెన్‌లోనే కాబట్టి ఒకే వీసా చాలు, ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. నెల ఎంచుకునేటప్పుడు మే, జూన్, సెప్టెంబర్ చూడండి. అక్టోబర్ దాటితే గలీసియాలో వాన మొదలవుతుంది, చలికాలంలో చాలా సత్రాలు మూసేస్తారు. 2027లో సెయింట్ జేమ్స్ పండగ జులై 25 ఆదివారం వస్తుంది కాబట్టి అది పుణ్య సంవత్సరం, ఆ ఏడాది వెళ్తే పడకల టెన్షన్ రెట్టింపు.

శాంటియాగో చేరాక యాత్రికుల ఆఫీసుకి వెళ్ళేముందే ఫోన్‌లో రిజిస్టర్ చేసుకుంటే క్యూ తొందరగా కదులుతుంది. కంపోస్టెలా ఉచితం, దూరం రాసిచ్చే పత్రానికి వేరే డబ్బు. కేథడ్రల్లోకి పెద్ద బ్యాగుతో రానివ్వరు. ఊగే పెద్ద ధూపపాత్ర బొతాఫుమేరో రోజూ ఉండదు, పండగ రోజుల్లోనూ ఎవరైనా ప్రత్యేకంగా కట్టించుకున్నప్పుడూ మాత్రమే, దాని కోసం తిరుగు టికెట్ మార్చుకోకండి. ఆ రాత్రికి బడ్జెట్‌లో పడక కావాలంటే సెమినారియో మెనోర్ బాగుంటుంది, ఒకదాని మీద ఒకటి ఉండే మంచాలు కాకుండా విడివిడి మంచాలు, కాకపోతే పాత ఊరి నుంచి కొంచెం ఎత్తెక్కాలి. పోర్టోకి నేరుగా బస్సులున్నాయి, ఆదివారం సాయంత్రానివి ముందే నిండిపోతాయి.