లాబీ తలుపుకు కార్డ్ రీడర్, మాగ్నెటిక్ లాక్ సెట్: లాక్‌కు మంచి మార్కులు, కార్డుకు కాదు

అపార్ట్‌మెంట్ లాబీలకు సాధారణంగా బిగించే సెట్ ఇది. బయట కార్డ్ రీడర్, లోపల ఎగ్జిట్ బటన్, 280 కిలోల బలాన్ని తట్టుకుని తలుపును పట్టి ఉంచే మాగ్నెటిక్ లాక్, 12 వోల్టుల పవర్ సప్లై, 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ.

అసలు లోపం కార్డులో ఉంది. చవక సెట్లతో ఇచ్చే 125 కిలోహెర్ట్జ్ కార్డులో ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని రహస్య సంకేతంగా మార్చే రక్షణ) ఉండదు. ఏ రీడర్ దగ్గర పెట్టినా తన నంబరు చెప్పేస్తుంది. దానికి నకలు తీయడం చాలా తేలిక, అది నకలని, కార్డు నంబరు సరిచూసి లాక్ తెరిచే కంట్రోలర్ కనిపెట్టలేదు. 13.56 మెగాహెర్ట్జ్ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మేయకండి. మైఫేర్ క్లాసిక్ అనే పాత రకం కార్డుదీ అదే ఫ్రీక్వెన్సీ, దాని రక్షణ 2008లోనే బద్దలైంది. 128 బిట్ల ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ ఉన్న మైఫేర్ డెస్‌ఫైర్ ఈవీ2 లేదా ఈవీ3 కార్డు అడగండి. అది కొన్నా, రీడర్‌ను ఆ ఎన్‌క్రిప్షన్ వాడకుండా కార్డు సీరియల్ నంబరు మాత్రమే చదివేలా సెట్ చేస్తే పెట్టిన డబ్బు వృథా. బిల్లు కట్టకముందే ఇన్‌స్టాలర్‌ను ఈ ఒక్క విషయం గట్టిగా అడగాలి.

రీడర్, కంట్రోలర్ ఒకే డబ్బాలో ఉన్న మోడల్‌ను బయటి గోడకు పెట్టొద్దు. డబ్బా ఊడదీస్తే లాక్ వైరు చేతికొస్తుంది. కంట్రోలర్ విడిగా, లోపల తాళం వేసిన పెట్టెలో ఉండాలి.

లాక్ మాత్రం మన్నికైనది. అరిగే భాగాలు లేవు. పట్టు తగ్గిందని ఫిర్యాదు వస్తే ముందుగా తలుపు మీది ఇనుప ప్లేటు చూడండి. మధ్య బోల్టు కింద రబ్బరు వాషర్ ఉండి, ప్లేటు వేలితో నొక్కితే కాస్త కదలాలి. దాన్ని బిర్రుగా బిగించేస్తే అయస్కాంతానికి సమంగా ఆనదు, సన్నని సందు మిగులుతుంది, ఒక్క గుంజుతో తలుపు వచ్చేస్తుంది.

కరెంటు పోతే ఈ లాక్ తెరుచుకుంటుంది. మంటలొచ్చినప్పుడు ప్రాణాలు కాపాడే గుణం అదే కాబట్టి ఫైర్ అలారం మోగగానే లాక్‌కు సప్లై తెగేలా వైరింగ్ ఉండి తీరాలి. ఎగ్జిట్ బటన్ కూడా కంట్రోలర్‌తో పని లేకుండా నేరుగా లాక్ సప్లైని తెంపాలి. మామూలు కరెంటు కోతకు బ్యాటరీ ఉంది. లాక్ 0.5 ఆంపియర్లు, మిగతావి 0.3 తీసుకుంటే లెక్క ప్రకారం ఎనిమిది గంటల పైచిలుకు. బ్యాటరీ పాతబడేకొద్దీ అది బాగా తగ్గుతుంది. ఆరు నెలలకోసారి మెయిన్ ఆపి ఎంతసేపు నిలుస్తుందో చూడాలి.

తలుపును దానంతట అదే మూసే డోర్ క్లోజర్ మీద పొదుపు చేయొద్దు. తలుపు పూర్తిగా మూసుకోకపోతే లాక్ పట్టుకోదు. తెరిచి వదిలేసిన తలుపును పసిగట్టాలంటే డోర్ సెన్సర్, బజర్ కావాలి, ఇవి చాలా సెట్లలో రావు.

కార్డులు తొలగించడం సాఫ్ట్‌వేర్‌లో సులువే. కాకపోతే ఒక ఫ్లాట్‌లో అద్దెకున్నవాళ్లు మారినప్పుడు పాత కార్డులు వాటంతట అవి ఆగిపోవు. ప్రతి కార్డుకూ ఫ్లాట్ నంబరు, గడువు తేదీ ఎక్కించి ఇస్తేనే ఆ పని మరుపున పడదు.