అనంతపురం చలిలో ఉన్ని టోపీ: కొన్నేళ్ల వాడకం తర్వాత

మెరినో జాతి గొర్రెల సన్నటి ఉన్నితో అల్లిన, అంచు పైకి మడిచే, కుచ్చు లేని గోధుమరంగు టోపీ ఒకటి కొన్నేళ్లుగా ప్రతి చలికాలమూ నా తల మీద ఉంటోంది. గుత్తి, పెనుకొండ కోటలు ఎక్కేటప్పుడు, రోళ్లపాడు గడ్డిమైదానంలో పక్షుల కోసం కాచుకుని కూర్చున్నప్పుడు, గండికోటలో గుడారం వేసుకుని పడుకున్నప్పుడు, మామూలు రోజుల్లో తెల్లవారుజామున ఊరి బయటి గుట్టల దాకా నడిచినప్పుడు కూడా ఇదే వాడాను. దీని మీద నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రాయలసీమలో తలకు పెట్టుకునే దానికి ఎంత వెచ్చదనం ఉందన్నది పెద్ద విషయం కాదు; చెమట పట్టిన తలను చల్లగాలిలో ఎలా కాపాడుతుందన్నదే అసలు పరీక్ష, ఆ పరీక్షలో ఉన్నికి సాటి వచ్చిన బట్టను నేను ఇంతవరకు వాడలేదు.

మన దగ్గర చలి తెల్లవారుజామున గట్టిగా పట్టి, పొద్దెక్కేసరికి వదిలేస్తుంది. జనవరిలో అనంతపురంలో వేకువన ఉష్ణోగ్రత 15 డిగ్రీల దరిదాపులకు దిగిన రోజు కూడా మధ్యాహ్నానికి 30 డిగ్రీలకు చేరడం మామూలే. మడకశిర, హిందూపురం వైపు నేల ఎత్తు ఎక్కువ కనుక అక్కడి ఉదయాలు ఇంకొంచెం చల్లగా ఉంటాయి. ఇంట్లో నుంచి బయలుదేరేటప్పుడు చెవులు జివ్వుమంటాయి, గుట్ట సగం ఎక్కేసరికి ఒంట్లో వేడి పుట్టి నుదుట చెమట పడుతుంది, పైకి చేరి నిలబడగానే ఆ చెమట మీద గాలి కొట్టి వణుకు మొదలవుతుంది. ఈ మూడు అవస్థలూ ఒక గంటలోపే వస్తాయి. హిమాలయాల చలి కోసం తయారైన, లోపల దట్టమైన ఫ్లీసు (నూగున్న కృత్రిమ బట్ట) కుట్టిన టోపీలు మొదటి అవస్థలో సుఖంగా ఉన్నా రెండో దానిలో నెత్తి ఉడికిపోయేలా చేస్తాయి. నూలు మఫ్లరు చెమటను బాగా పీల్చుకుంటుంది కానీ, పీల్చుకున్న నీటితో మూడో అవస్థలో చల్లబడి తలకు అంటుకుపోతుంది.

గుత్తి కోట కొండ చుట్టూ ఉన్న నేల నుంచి సుమారు 300 మీటర్ల ఎత్తు లేస్తుంది. చీకటి ఉండగానే కింద ఎక్కడం మొదలుపెడితే, ఒక ద్వారం దాటి ఇంకో ద్వారం చేరేలోపు టోపీ లోపల తల తడిసిపోవడం ఖాయం. అక్కడ ఆగి టోపీని తీసి చూస్తే బయటివైపు అల్లిక మీద మంచు పట్టినట్టు సన్నని తేమ వేలికి తగులుతుంది. లోపలివైపు, నుదుటికి ఆనే పట్టీ మాత్రం దాదాపు పొడిగానే ఉంటుంది. అదే దారిలో అదే వేళకు అక్రిలిక్ అనే కృత్రిమ దారంతో అల్లిన మంకీ క్యాపు పెట్టుకున్నప్పుడు చెమట లోపలివైపే నిలిచి, కణతల మీదుగా చెవుల వెనక్కి కారింది. ఈ ఒక్క తేడా కోసమే నేను ఉన్నికి మారాను.

ఈ తేడాకు కారణం పోగులోనే ఉంది. ఉన్ని పోగు మన వెంట్రుక లాగే కెరటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడినది; దాని పైపొర నీటి బొట్టును తోసేస్తుంది, లోపలి భాగం నీటి ఆవిరిని పీల్చుకుంటుంది. బట్టల వ్యాపారంలో లెక్కకు తీసుకునే సాధారణ వాతావరణంలో ఉన్ని తన బరువులో సుమారు 16 శాతం తేమను ఉంచుకుంటే, నూలు 8 శాతం చిల్లర, అక్రిలిక్ 2 శాతం లోపు మాత్రమే ఉంచుకుంటాయి. తేమ ఇంకా ఎక్కువైనా, బరువులో దాదాపు 30 శాతం వరకు చేతికి తడి తెలియకుండా ఉన్ని భరించగలదు. పైగా ఆవిరిని పీల్చుకునేటప్పుడు ఉన్ని కొద్దిగా వేడిని విడుదల చేస్తుంది. కొండ మీద ఆగినప్పుడు తల ఒక్కసారిగా చల్లబడకపోవడంలో దీనికీ కొంత పాత్ర ఉంది. పోగులు సహజంగానే వంకీలు తిరిగి ఉండటం వల్ల వాటి మధ్య గాలి నిలుస్తుంది, ఆ నిలిచిన గాలే అసలు దుప్పటి.

శరీరంలోని వేడిలో సగం తల నుంచే పోతుందన్న మాట ఇప్పటికీ చాలామంది చెబుతారు, టోపీలు అమ్మేవారు మరీ నమ్మకంగా చెబుతారు. అది నిజం కాదు. ఒంటి మీది చర్మంలో తల వాటా దాదాపు పదో వంతు, వేడి పోవడంలో దాని వాటా కూడా ఇంచుమించు అంతే. అయినా టోపీతో అంత హాయి ఎందుకంటే, ముఖమూ తలా చలిని ఒంట్లోని చాలా భాగాలకంటే ఎక్కువగా పసిగడతాయి, పైగా చేతివేళ్లలో చలికి రక్తనాళాలు ముడుచుకున్నట్టు నెత్తి మీద ముడుచుకోవు. చెవుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. చెవుల్లోకి చలిగాలి పోతే జలుబు చేస్తుందని ఇళ్లలో పెద్దవాళ్లు అంటారు. జలుబు తెచ్చేది వైరస్సే అయినా, చల్లగాలికి చెవిపోటు వచ్చేవారికి చెవులు కప్పుకోవడం నిజంగా మేలు చేస్తుంది. నాకు ఆ ఇబ్బంది ఉంది కనుక ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

గొర్రెలకు పేరుపడ్డ జిల్లాలో ఉంటూ బయటి ఉన్ని ఎందుకని ఎవరైనా అడగవచ్చు. పెనుకొండ దారిలో మంద తోలుకుపోతున్న ఒక పెద్దాయన నా టోపీని చేతిలోకి తీసుకుని, బొటనవేలితో రుద్ది చూసి, "ఇది మా గొర్రెల బొచ్చు కాదు సార్, మా బొచ్చు ఇంత మెత్తగా యాడుంటుంది" అన్నాడు. ఆయన భుజం మీద ఉన్నది నల్లటి కంబళి. గొర్రెలు కాచే కురుబలు తరతరాలుగా దక్కని గొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించి బిగువు తెచ్చే ఆ కంబళి వానకూ చలికీ ఎంత నిలుస్తుందో పొలం కాపలాకు వెళ్లే ప్రతివాడికీ తెలుసు. కానీ ఆ ఉన్ని పోగు ముతకది. సుమారు 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే లావుగా ఉన్న పోగుల కొనలు చర్మాన్ని పొడుస్తాయి. మెరినో పోగు సాధారణంగా 24 మైక్రాన్ల లోపే ఉంటుంది కనుక వంగిపోతుంది, పొడవదు. స్థానిక ఉన్నితో అల్లిన టోపీని కూడా నేను ఒక చలికాలం పెట్టుకున్నాను. వెచ్చదనంలో వంక పెట్టడానికి లేదు, నుదుటి మీద దురదను మాత్రం భరించలేక కింద పల్చటి నూలుగుడ్డ కట్టుకోవాల్సి వచ్చేది. ఎవరైనా దానికి లోపల మెత్తటి నూలు పట్టీ కుట్టి అమ్మితే మళ్లీ కొంటాను. ఉన్ని లేని నెల్లూరు జాతి వైపు మందలు మళ్లుతున్న కొద్దీ నల్ల ఉన్ని తగ్గిపోతోందన్నది నన్ను బాధించే విషయం. ఆ ఉన్నికి గిరాకీ తెచ్చే వస్తువు ఏది వచ్చినా నా మద్దతు ఉంటుంది.

ఇక ఈ టోపీలోని లోపాలు. మొదటిది గాలి. అల్లిక కళ్ల గుండా గాలి దూరిపోతుంది, నిశ్చలమైన చలిలో ఎంత బాగుంటుందో ఈదురుగాలిలో అంత నిస్సహాయంగా ఉంటుంది. గండికోటలో పెన్న లోయ అంచున నిలబడితే లోయలోంచి లేచే గాలి టోపీని దాటి నేరుగా నెత్తికి తగులుతుంది. అక్కడ నేను అంచును రెండు మడతలుగా చెవుల మీదికి దించి, పైన జర్కిన్ తలముసుగు వేసుకుంటాను. ఆ రెండూ కలిస్తే ఇంకేమీ అక్కరలేదు. రాత్రి గుడారంలో పడుకునేటప్పుడు మాత్రం ముసుగు తీసి టోపీతోనే పడుకుంటాను, తెల్లారేవరకు అది తలను బిగించకుండా, జారిపోకుండా ఉంటుంది.

రెండోది గడ్డిగింజలు. బట్టమేకలనే పెద్ద పక్షుల (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన రోళ్లపాడు ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. బట్టమేక కనిపించడం గగనమైనా చలికాలపు హారియర్ గద్దల కోసం, కృష్ణజింకల కోసం అక్కడికి వెళ్లడం నాకు ఇష్టం. గడ్డిలో ఒంగి కూర్చుని లేచేసరికి ముళ్లగింజలు టోపీ అల్లికలోకి దిగి, లాగితే పోగుతో సహా వస్తాయి. ఎండిన తర్వాత సన్నపళ్ల దువ్వెనతో ఒకే దిక్కుకు మెల్లగా దువ్వడం తప్ప దీనికి నాకు దొరికిన ఉపాయం లేదు. అయితే పక్షులు చూసేవారికి ఉన్ని టోపీలో ఒక పెద్ద సుగుణం ఉంది. ఫ్లీసు టోపీ చెవులను పూర్తిగా మూసేస్తుంది, పల్చటి ఉన్ని అల్లిక శబ్దాన్ని లోపలికి రానిస్తుంది. కౌజుపిట్ట కూత ఏ దిక్కు నుంచి వస్తున్నదో టోపీ తీయకుండానే తెలుస్తుంది. తల తిప్పినప్పుడు జర్కిన్ బట్టలా గరగరమనదు కూడా.

మూడోది, దీనికి నీడ ఇచ్చే అంచు లేదు. ఎనిమిది గంటలు దాటాక మన ఎండకు ఇది పనికిరాదు, సంచిలో ఒక నూలు టోపీ వేరుగా ఉండాల్సిందే. ఉన్ని టోపీ నలిపి జేబులో పెడితే పిడికిలంత అవుతుంది కనుక రెండు మోయడం బరువనిపించదు. బెలూం గుహల్లోకి వెళ్లేటప్పుడు కూడా దీన్ని బయటే తీసేయాలి, లోపల ఉక్కపోత అలాంటిది.

మోటారు సైకిలు మీద వెళ్లేవారికి ఒక మాట. హెల్మెట్ కింద ఈ టోపీ పెట్టుకోవద్దు. మడిచిన అంచు ఒక పక్క ఎత్తుగా నిలిచి హెల్మెట్ తలకు సరిగా కూర్చోదు, ప్రమాదం జరిగితే హెల్మెట్ జారిపోవచ్చు. దారిలో హెల్మెట్టే గాలిని ఆపుతుంది, దిగాక టోపీ పెట్టుకోవచ్చు.

ఉతకడం దగ్గరే చాలా ఉన్ని టోపీలు పాడైపోతాయి. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటి పొరలు ఉంటాయి. వేడినీళ్లలో నలిపితే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని, టోపీ దగ్గరపడి దళసరి అయిపోతుంది, తర్వాత ఎంత లాగినా తిరిగి రాదు. చల్లనీళ్లలో కుంకుడుకాయ రసం కలిపి, పది నిమిషాలు నానబెట్టి, నలపకుండా చేత్తో ఒత్తి ఉతకడం నా పద్ధతి. మా బోరు నీళ్లు ఉప్పునీళ్లు, సబ్బు వేస్తే తెల్లటి చారలు అల్లికలో నిలిచిపోతాయి కనుక కడసారి జాడింపుకు తాగేనీళ్లు వాడతాను. పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తి, నీడలో చాప మీద పరిచి ఆరబెట్టాలి. దండెం మీద వేలాడదీస్తే తడి బరువుకు సాగిపోతుంది. ఆరడానికి అక్రిలిక్ కంటే ఎక్కువసేపు పడుతుంది, ఇది కూడా లోపమే. కానీ తరచుగా ఉతకాల్సిన పని లేదు. అక్రిలిక్ టోపీ రెండు మూడు సార్లు చెమట పడితే వాసన వేస్తుంది, దీన్ని ఒక రాత్రి గాలికి ఆరేస్తే చాలావరకు వాసన పోతుంది. చలికాలం అయిపోయాక మాత్రం తప్పకుండా ఉతికి, బాగా ఆరాక, ఎండు వేపాకుతో మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టాలి. ఉన్నిని తినేది చిమ్మట పురుగు. చెమట మరకలున్న చోటును అది ముందు పట్టుకుంటుంది.

కొనేటప్పుడు లేబుల్ చదవండి. చలికాలంలో ఊళ్లోకి వచ్చే స్వెటర్ల అంగళ్లలో ఉన్ని అని అమ్మేవాటిలో చాలావరకు అక్రిలిక్ కలిసినవే, కొన్ని పూర్తిగా అక్రిలిక్. అనుమానముంటే అంగడివారిని అడిగి లోపలి కుట్టు నుంచి ఒక పోగు తీసుకుని నిప్పుకు చూపండి. ఉన్ని పోగు మెల్లగా కాలి, మంట తీయగానే ఆరిపోయి, కాలిన వెంట్రుక వాసన ఇస్తుంది, మిగిలిన నల్లటి నుసి వేళ్ల మధ్య పొడి అయిపోతుంది. అక్రిలిక్ గబగబా అంటుకుని కరిగి, గట్టి నల్లపూసలా మిగులుతుంది. రెండూ కలిసిన దారమైతే వెంట్రుక వాసనతోపాటు గట్టి పలుకులు మిగులుతాయి. కొంచెం అక్రిలిక్ కలిసినంత మాత్రాన టోపీ చెడ్డదని అనను, సాగకుండా నిలవడానికి అది ఉపయోగపడుతుంది. కానీ ఉన్ని ధర పెట్టి అక్రిలిక్ కొనకూడదు. మంచి మెరినో టోపీ ధర అక్రిలిక్ దానికి కొన్ని రెట్లు ఉంటుంది.

మైదానంలో నాలుగు చుట్లు నడిచి ఇంటికి వచ్చేవారు అంత ఖర్చు పెట్టనక్కరలేదు, నూలు మఫ్లరుతో సరిపోతుంది. గుట్టలెక్కేవారికి, వేకువజామున చేనిలో కాపలా ఉండి పనికి దిగేవారికి, గంటల తరబడి కదలకుండా కూర్చుని చూసేవారికి ఈ డబ్బు వృథా కాదు. నా టోపీ అంచు ఇప్పుడు కొద్దిగా వదులైంది, కుడి చెవి దగ్గర ముళ్లగింజ లాగిన చోట చిన్న కన్నం పడితే అదే రంగు దారంతో కుట్టించాను. ఈసారి కొనేది కూడా మెరినోదే కొంటాను, కాకపోతే అల్లిక ఇంకొంచెం బిగువుగా, మడత విప్పితే చెవి తమ్మెలు దాటి మెడ మొదలు దాకా వచ్చేంత పొడవుగా ఉండేది చూసుకుంటాను.