స్లో కుక్కర్‌తో రాత్రి వంట: ఆరు నెలల వాడకం తర్వాత

ఉదయం ముక్కలు తరిగి వేసి వెళితే, సాయంత్రానికి వేడి భోజనం సిద్ధంగా ఉండాలన్న ఆశతో నాలుగు లీటర్ల స్లో కుక్కర్ (తక్కువ సెగపై గంటల తరబడి వండే కరెంటు పాత్ర) తీసుకున్నాను. ఆ ఆశ చాలావరకు నెరవేరింది.

మాంసం వండడంలో దీనికి సాటి లేదు. తక్కువ సెగపై 8 గంటలు ఉడికేసరికి, గట్టి ముక్కల్లోని కొల్లాజెన్ అనే పీచులాంటి ప్రొటీన్ మెత్తటి జెలటిన్‌గా మారి పులుసు చిక్కబడుతుంది, గరిటె తగిలితే చాలు ముక్క పోగులుగా విడిపోతుంది. క్యారెట్, బంగాళాదుంప అంతకన్నా నిదానంగా ఉడుకుతాయి కాబట్టి వాటిని అడుగున పరచాలి. మొదటిసారి పైన వేసినందువల్ల అవి పంటికింద కరకరలాడాయి. ఆవిరి బయటికి పోదు కనుక నీళ్లు మామూలుకన్నా తగ్గించాలి. మూత ఎత్తిన ప్రతిసారీ వేడి తగ్గి, వంట 20 నుంచి 30 నిమిషాలు ఆలస్యమవుతుంది.

నా ప్రధాన అభ్యంతరం దీనితో వచ్చిన సూచనల పుస్తకం మీదే. రాజ్మా గింజల్లో సహజంగా ఉండే విషపదార్థం తక్కువ సెగకు నశించదని, నానబెట్టిన నీరు పారబోసి, కొత్త నీటిలో పొయ్యి మీద కనీసం 10 నిమిషాలు, వీలైతే 30 నిమిషాలు, తెర్లించాకే ఇందులో వేయాలని అందులో ఒక్క వాక్యమైనా లేదు. ఇంటిల్లిపాదీ తినే వంటకు సంబంధించిన ఇంత ముఖ్యమైన విషయాన్ని విడిచిపెట్టడం క్షమించరానిది.

పింగాణీ పాత్ర బరువైనదే అయినా తేలికగా శుభ్రపడుతుంది. పాలు, మీగడ చివరి అరగంటలో కలిపితే విరగవు.