డిజికామ్‌లో ఫొటో వెతుకులాట: ఏది దొరుకుతుంది, ఏది దొరకదు

వేలల్లో, లక్షల్లో ఫొటోలు పోగుపడినవాళ్లు నెలనెలా చందా కట్టకుండా వాడుకోగల సాఫ్ట్‌వేర్లలో మా ఓటు డిజికామ్‌కే. ఇది కేడీఈ అనే సాఫ్ట్‌వేర్ బృందం నడిపే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ ఉచితమే. దీనిలో ఎడిటింగ్ కూడా ఉంది కానీ ఇక్కడ చెప్పేది సెర్చ్ గురించే, ఎందుకంటే దీని అసలు బలం అదే.

ముందుగా ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. కుడిపక్కన ఉండే ఫిల్టర్స్ తెర మీద తెరిచి ఉన్న ఆల్బమ్‌ను మాత్రమే వడకడతాయి. ఎడమపక్కన ఉండే సెర్చ్ మొత్తం డేటాబేస్‌ను, అంటే డిజికామ్ మీ ఫొటోల వివరాలన్నీ రాసుకునే చిట్టాను, గాలిస్తుంది. నిన్న ఐదు నక్షత్రాల ఫిల్టర్ పెట్టి మర్చిపోతే, ఇవాళ తెరిచిన ప్రతి ఆల్బమూ సగం ఖాళీగా కనిపిస్తుంది. ఫొటోలు పోయాయని కంగారు పడేముందు కింది పట్టీ చూడండి. ఫిల్టర్ పనిచేస్తోందో లేదో అక్కడే తెలుస్తుంది, రీసెట్ బటనూ అక్కడే ఉంటుంది.

ఎడమవైపు సెర్చ్ పెట్టెలో మాట కొడితే ఫైలు పేరు, ఆల్బమ్ పేరు, ట్యాగ్ (ఫొటోకు మీరు తగిలించే గుర్తు మాట), క్యాప్షన్ అన్నిటిలోనూ చూస్తుంది. రెండు మాటలు కొడితే రెండూ ఉన్న ఫొటోలే వస్తాయి. రెండు మాటలూ కలిపి అదే వరుసలో కావాలంటే కొటేషన్ గుర్తుల మధ్య రాయాలి. మాటలో ముక్క కొట్టినా చాలు. తెలుగులో ట్యాగులు పెట్టేవాళ్లకు ఇది పెద్ద సాయం. ‘పెళ్లి’ అని ఒకసారి, ‘పెళ్ళి’ అని ఇంకోసారి ట్యాగ్ పెట్టి ఉంటే, ఒకటి కొడితే రెండోది రాదు. కంప్యూటర్‌కు అవి వేర్వేరు అక్షరాలు. ‘పెళ్’ వరకే కొట్టి వదిలేస్తే రెండూ వస్తాయి. ‘రాజ్‌కుమార్’ లాంటి పేర్లలో ఇంకా తిరకాసు ఉంది. జ్ కింద క ఒత్తు పడకుండా ఆపడానికి కీబోర్డు మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం పెడుతుంది. సెర్చ్‌లో అది లేకుండా కొడితే ఫలితం సున్నా. ‘కుమార్’ అని మాత్రమే వెతకడం మేలు. అంతకన్నా మేలు ట్యాగుల చెట్టులో ఉన్న పేరు మీద నేరుగా నొక్కడం.

పెళ్లి ఫొటోగ్రాఫర్లకు డబ్బు మిగిల్చేది మాత్రం అడ్వాన్స్‌డ్ సెర్చ్. ఆల్బమ్ డిజైనర్‌కు ఫొటోలు పంపాలనుకోండి. ట్యాగ్ ‘తలంబ్రాలు’, రేటింగ్ 4 నుంచి 5, తేదీ ఆ ముహూర్తం రోజు అని పెట్టండి. తర్వాత యాడ్ సెర్చ్ గ్రూప్ నొక్కి, రెండో గ్రూపుకు ‘అండ్ నాట్’ ఎంచుకుని పిక్ లేబుల్ (ఫొటో ఉంచాలో వద్దో మీరు వేసుకునే గుర్తు) ‘రిజెక్టెడ్’ పెట్టండి. కొట్టేసినవి పోయి, మిగిలినవి వస్తాయి. ట్రై బటన్‌తో ముందే ఫలితం చూసుకోవచ్చు. పేరు పెట్టి దాచుకున్న సెర్చ్‌ను తర్వాత తెరిస్తే కొత్తగా చేరిన ఫొటోలకూ వర్తిస్తుంది. కెమెరా, లెన్స్, ఐఎస్‌ఓ, ఫోకల్ లెంగ్త్‌లతో కూడా వెతకవచ్చు. ఇంత లోతుగా షరతులు కలపగలిగే ఉచిత సాధనాలు అరుదు.

వాట్సాప్ ఫొటోల దగ్గర మాత్రం దెబ్బ తగులుతుంది. మామూలుగా ఫొటోగా పంపితే వాట్సాప్ అందులోని తేదీ, కెమెరా, జీపీఎస్ వివరాలు తీసేస్తుంది. అప్పుడు డిజికామ్ ఫైలు తేదీనే తీసుకుంటుంది, దాంతో టైమ్‌లైన్‌లో ఉగాది ఫొటో దసరాకు వచ్చి కూర్చుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సేవ్ అయిన ఫైలు పేరులో తేదీ ఉంటుంది కాబట్టి 20240215 అని కొట్టి పట్టుకోవచ్చు, నెల మొత్తం కావాలంటే 202402 చాలు. శాశ్వతంగా సరిచేయాలంటే ఆ ఫొటోలన్నీ ఎంచుకుని, ఐటమ్ మెనూలో అడ్జస్ట్ టైమ్ అండ్ డేట్ తెరిచి, తేదీకి ఆధారంగా ఫైలు పేరును చూపించండి. బంధువులను డాక్యుమెంట్‌గా పంపమంటే ఈ బాధే ఉండదు.

ఒకేలా ఉన్న ఫొటోలను వెతికే సిమిలారిటీ సెర్చ్ నకళ్లను ఏరడానికి బాగా పనికొస్తుంది. ముందుగా టూల్స్‌లోని మెయింటెనెన్స్‌కు వెళ్లి ఫింగర్‌ప్రింట్లు (ఒక్కో ఫొటో రూపానికి గుర్తులు) తయారు చేయించాలి, లేకపోతే ఏమీ రాదు. ఇది ఫొటోను 128 పిక్సెళ్ల చదరంగా కుదించి, రంగుల అమరికను పోలుస్తుంది. అందుకే సైజు తగ్గించిన కాపీని ఇట్టే పట్టేస్తుంది, బాగా క్రాప్ చేసినదాన్నీ తిప్పినదాన్నీ వదిలేస్తుంది. పోలిక కనీస శాతాన్ని 90 దగ్గర ఉంచండి. మరీ తగ్గిస్తే ఒకే మండపంలో తీసినవన్నీ నకళ్లేనంటుంది, వాటిని గుడ్డిగా డిలీట్ చేస్తే అసలుకే మోసం. ముఖాలతో వెతకడానికి వందల ఎంబీల మోడల్ ఫైళ్లు ముందుగా దించుకోవాలి. ఒక్కో మనిషివి కొన్ని ముఖాలు మీరు ఖాయం చేశాకే దాని ఊహలు గాడిన పడతాయి.

ఇంత శ్రమపడి పెట్టిన ట్యాగులు డేటాబేస్‌లోనే ఉండిపోతే, కంప్యూటర్ పాడైన రోజున అంతా గల్లంతే. సెట్టింగ్స్‌లో మెటాడేటా విభాగానికి వెళ్లి ట్యాగులు, క్యాప్షన్, రేటింగ్, ముఖాల గుర్తులు ఫైల్‌లోనే రాయమని టిక్ పెట్టండి. రా ఫైళ్లను (కెమెరా ఇచ్చిన అసలు ఫైళ్లు) ముట్టుకోవడం ఇష్టం లేకపోతే, ఈ వివరాలను ఫొటో పక్కనే విడిగా దాచే సైడ్‌కార్ ఎక్స్‌ఎంపీ ఫైళ్లను ఎంచుకోండి. అడోబీ వారి లైట్‌రూమ్ కూడా వాడేవాళ్లు, సైడ్‌కార్ పేర్లు ఇతర కమర్షియల్ ప్రోగ్రాములకు సరిపోయేలా ఉండాలనే ఆప్షన్ కూడా పెట్టాలి. లేదంటే ఒకదాని ట్యాగులు రెండోదానికి కనబడవు.

ఫొటోలు నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఉన్నా ఫర్వాలేదు, డిజికామ్ మామూలుగా వాడే ఎస్‌క్యూలైట్ రకం డేటాబేస్ మాత్రం సొంత కంప్యూటర్‌లోనే ఉండాలి, అదీ ఎస్‌ఎస్‌డీ మీదైతే సెర్చ్ చురుగ్గా ఉంటుంది. స్టూడియోలో ఇద్దరు ఒకేసారి ఒకే డేటాబేస్ మీద పని చేయాలనుకుంటే ఇది సరిపడదు, దీన్ని అందుకోసం తయారు చేయలేదు.