హైదరాబాద్ టోలిచౌకిలో అద్దె బ్రోకర్: ఆఫ్రికా విద్యార్థులకు పనికొస్తాడా?

నా రేటింగ్ ఐదుకి మూడున్నర. టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే "రండి, చూసుకోండి" అంటారు. గేటు దగ్గర నల్లటి మొహం కనబడగానే "ఇప్పుడే ఇచ్చేశాం". ఈ బ్రోకర్ ఓనర్‌కి దేశం పేరు ముందే చెప్పి, ఒప్పుకున్న ఇళ్లే చూపిస్తాడు. పది గేట్ల దగ్గర మాట పడే బాధ తప్పుతుంది.

ఓనర్లు చెప్పే సాకు ఫారం-సి, అంటే ఇంట్లో విదేశీయులు దిగారని ప్రభుత్వానికి తెలిపే ఫారం (2025 నిబంధనల్లో దీని పేరు ఫారం-III). అదేం బ్రహ్మవిద్య కాదు. విదేశీయులు ఇంట్లో దిగిన 24 గంటల్లో ఓనర్ ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల నమోదు కార్యాలయం) పోర్టల్‌లో నింపాలి. పాస్‌పోర్టు, వీసా వివరాలు, ఫొటో కావాలి. ఓనర్ ఆ పోర్టల్ లాగిన్ ముందే తీసుకోకపోతేనే తంటా. ఈ బ్రోకర్ అడ్వాన్స్ ముట్టకముందే ఆ లాగిన్ తీయిస్తాడు. ఫారంలో పాస్‌పోర్టు నంబరు మీరే ఒకసారి సరిచూసి, ప్రింటు అడిగి తీసుకోండి. వీసా పొడిగింపుకి కావాలి.

నచ్చనిది కమీషన్. మనవాళ్లకి నెల అద్దె, వీళ్లకి నెలన్నర. "రిస్క్" అట! వివక్ష తప్పిస్తానంటూ దాని మీదే అర నెల సంపాదన. గట్టిగా బేరమాడితే దిగుతాడు. ఒకసారి కాదన్న ఓనర్ల దగ్గరికీ పాత ఇంటి అగ్రిమెంట్, కరెంటు బిల్లు రసీదులతో మళ్లీ వెళ్లండి, కొందరు మెత్తబడుతున్నారు. 11 నెలల అగ్రిమెంట్‌లో "స్నేహితులు రాకూడదు" అనే లైను ఉంటే సంతకానికి ముందే కొట్టేయించండి.